పెరుగుదల వేరు, విషం వేరు

సముద్రంలో వెలుతురు చొరబడినంత మేర నీటిలో తేలియాడుతూ బతికే ఏకకణ శైవలాలు, అంటే కంటికి ఆనని నాచుజీవులు, భూమి మీద ఏటా జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగభాగాన్ని నిర్వహిస్తాయి. వృక్ష ప్లవకాలు అని పిలిచే వీటి మీదనే నెత్తళ్ళు, కవళ్ళు మొదలుకొని తిమింగలం దాకా కడలిలోని ప్రాణుల్లో అత్యధిక భాగం ఆధారపడి ఉన్నాయి. వేల సంఖ్యలో ఉన్న ఈ జాతుల్లో జీవవిషాలను తయారుచేసేవిగా ఇప్పటికి గుర్తించినవి సుమారు 200 మాత్రమే. అవి కాక, విషం లేకపోయినా గుంపులుగా పెరిగి, చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలకు ఊపిరాడకుండా చేసేవి మరికొన్ని ఉన్నాయి. ఈ రెండు రకాలనూ కలిపి హానికర శైవలాలు అంటారు. అవి ఒకచోట అసాధారణంగా పెరిగి, చాలాసార్లు నీటి రంగే మారిపోయేంతగా పేరుకోవడాన్ని శైవల విజృంభణ అని వ్యవహరిస్తారు.

ఈ విజృంభణలకు కారణమేమిటని అడిగితే, మురుగునీరూ ఎరువులూ సముద్రంలో కలవడం, సముద్రం వేడెక్కడం అన్న జవాబు సాధారణంగా వస్తుంది. అది తప్పు కాదు గాని సగమే నిజం. ఎందుకంటే ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. శైవల కణాల సంఖ్య పెరగడానికి ఏ పరిస్థితులు కావాలన్నది మొదటిది కాగా, ఒక్కో కణంలో విషం పెరగడానికి ఏ పరిస్థితులు కావాలన్నది రెండోది. వీటి జవాబులు ఒకటి కావు. కొన్ని జాతుల విషయంలో అవి ఒకదానికొకటి ఎదురుగానే నిలుస్తాయి. పోషకాలు పుష్కలంగా దొరికినంతకాలం ఆ కణాలు విభజన చెందుతూ పోతాయి. ఏదో ఒక పోషకం కరవై విభజన మందగించినప్పుడు వాటిలో విషం పేరుకోవడం మొదలవుతుంది.

ముందుగా పెరుగుదల సంగతి చూడాలి. శైవలానికి వెలుతురుతో పాటు నత్రజని, భాస్వరం, ఇనుము వంటి మూలకాలు కావాలి. సముద్ర ప్లవకాల దేహంలో సగటున ఒక భాస్వరం పరమాణువుకు 16 నత్రజని పరమాణువులు, 106 కర్బన పరమాణువులు ఉంటాయని అమెరికా శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పరిశోధనల వల్ల తేలింది. ఈ నిష్పత్తికి తగ్గట్టు నీటిలో పోషకాలు లేనప్పుడు, వాటిలో ఏది అన్నిటికంటే ముందు అయిపోతుందో అదే పెరుగుదలకు హద్దు గీస్తుంది. డయాటమ్‌లు అనే శైవలాలకు మరో అవసరం కూడా ఉంది: వాటి కణకవచం గాజును పోలిన సిలికాతో తయారవుతుంది గనుక, నత్రజనితో దాదాపు సమానమైన మోతాదులో సిలికా కూడా కావాలి. రెండు కొరడాల వంటి కశాభాలతో ఈదగలిగే డైనోఫ్లాజెల్లేట్లకు ఆ అవసరం లేదు. ఈ ఒక్క తేడా వల్లనే, నీటిలో నత్రజనీ భాస్వరమూ పెరిగి సిలికా తగ్గినప్పుడు సముద్రం ఒక వర్గం చేతిలోంచి మరో వర్గం చేతిలోకి పోగలదు.

అయితే పోషకం ఉన్నంత మాత్రాన పెరుగుదల జరగదు. సేద్యంలో అదునూ పదునూ కలిసిరావాలన్నట్టే సముద్రంలోనూ పోషకం, వెలుతురు, నీటి నిలకడ ఒకే సమయంలో కూడాలి. గోదావరి నదీముఖం ఇందుకు చక్కని ఉదాహరణ. జూలై, ఆగస్టు నెలల్లో వరద ఉధృతంగా ఉన్నప్పుడు పైనుంచి నత్రజని లవణాలు విస్తారంగా కొట్టుకొస్తాయి. కాని ఆ ఎర్రనీటిలో ఒండ్రు వల్ల వెలుతురు కొద్ది లోతుకు కూడా దిగదు, పైగా కణాలు విభజన చెందేలోపే ప్రవాహం వాటిని సముద్రంలోకి ఊడ్చుకుపోతుంది. వరద తీసి, నీటి వడి తగ్గి, ఒండ్రు అడుక్కు దిగి, నీరు కొన్ని రోజులపాటు నదీముఖంలోనే నిలవడం మొదలైనప్పుడు, అప్పటిదాకా వాడకుండా మిగిలిపోయిన పోషకాల మీద శైవలాలు ఒక్కసారిగా పెరుగుతాయి. అంటే పోషకాలు ఎక్కువగా వచ్చే రోజులూ, శైవలాలు ఎక్కువగా కనిపించే రోజులూ ఒకటి కావు. నీటిలో నైట్రేటును మాత్రమే కొలిచి విజృంభణను ముందుగా చెప్పాలని చూసేవారికి ఈ ఎడం పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

నది లేనిచోట పోషకాలను గాలి తెస్తుంది. తీరం వెంబడి ఒక దిశలో గాలి ఎడతెగక వీస్తే, భూభ్రమణ ప్రభావం వల్ల పైపొర నీరు తీరానికి దూరంగా జరిగిపోతుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగునుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి ఉబుకుతుంది. దీనిని అప్‌వెల్లింగ్ అంటారు. 1950ల తొలి సంవత్సరాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్, వేసవి ముంగిట నైరుతి నుంచి తీరానికి సమాంతరంగా గాలి వీచే రోజుల్లో విశాఖపట్నం దగ్గర ఇలాంటి ఉబుకు జరుగుతుందని చూపించాడు. అదే తీరంలో, విశాఖలోని వాల్తేరు దగ్గర, ఆస్టెరియోనెల్లా అనే డయాటమ్ విపరీతంగా పెరిగి సముద్రపు నీటి రంగు మారిన ఉదంతాన్ని దుర్వాసుల వి. సుబ్బారావు 1969లో ఒక అంతర్జాతీయ పత్రికలో నమోదు చేశాడు. ఆ శైవలం విషం లేనిది. నీటి రంగు మారినంత మాత్రాన ప్రమాదం ఉన్నట్టు కాదనీ, రంగు మారనంత మాత్రాన లేనట్టూ కాదనీ గుర్తుంచుకోవడానికి వాల్తేరు ఉదంతం పనికొస్తుంది. సుబ్బారావు పేరు ఈ అధ్యాయంలో మళ్ళీ వస్తుంది.

నీటి కదలిక పాత్రను స్పష్టంగా సూత్రీకరించినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ మార్గలెఫ్. 1978లో ఆయన ప్రతిపాదించిన చిత్రణ ప్రకారం, నీరు బాగా కలబోసుకుంటూ పోషకాలు పుష్కలంగా ఉన్నచోట డయాటమ్‌లు రాజ్యమేలుతాయి. వాటికి ఈదే శక్తి లేదు గనుక మునిగిపోకుండా పైకి తేల్చే సుడులు కావాలి. నీరు నెమ్మదించి, వేడెక్కిన తేలికనీరు పైన, బరువైన చల్లనినీరు కింద పొరలుగా విడిపోయినప్పుడు డైనోఫ్లాజెల్లేట్లకు అదృష్టం పండుతుంది. గంటకు ఒక మీటరు వరకు ఈదగలిగే ఈ కణాల్లో అనేకం పగలు వెలుతురు కోసం పైకి వచ్చి, రాత్రి పోషకాల కోసం కింది పొరలోకి దిగుతాయి. మానవుడి కొలతల్లో మీటరు స్వల్పమే గాని, మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు పొడవున్న ప్రాణికి అది మహాయాత్ర.

అమెరికాలోని ఫ్లోరిడా పశ్చిమ తీరాన్ని తరచూ పీడించే కెరీనియా బ్రెవిస్ ఈ కోవకు చెందినదే. ఇది వేగంగా పెరిగే జీవి ఎంతమాత్రం కాదు. రోజుకోసారి విభజన చెందే డయాటమ్ పది రోజుల్లో ఒకటి నుంచి వెయ్యికి పైగా కణాలవుతుంటే, సుమారు మూడు రోజులకోసారి విభజన చెందే కెరీనియా అదే పది రోజుల్లో పది కణాలు కూడా కావడం కష్టం. అయినా 2017 అక్టోబరులో మొదలైన దాని విజృంభణ 2019 తొలి నెలల వరకు ఆగలేదు. తీరానికి పదుల కిలోమీటర్ల దూరంలో, పోషకాలు తక్కువగా ఉన్న నీటిలో అది మొదలవుతుంది; ఇతర జీవులు వదిలిన సేంద్రియ నత్రజనిని కూడా వాడుకుంటుంది; దాని విషం వల్ల దానిని మేసే జంతు ప్లవకాలు తగ్గుతాయి. ఆపైన ప్రవాహాలు దానిని తీరం వైపు నెట్టి ఒకచోట కుప్పపోస్తాయి. శైవలాల సంఖ్య అన్నది పుట్టుక ఒక్కదానితోనే తేలేది కాదు. మేతకు పోయేది, కొట్టుకుపోయేది, కొట్టుకొచ్చేది అన్నీ లెక్కలోకి రావాలి. తీరానికి చేరాక భూమి నుంచి వచ్చే పోషకాలు దాని ఆయుష్షును పెంచగలవు గాని, దాని పుట్టుకకు తీరపు మురుగునే కారణంగా చూపడం సరికాదు.

ఇక ఉష్ణోగ్రత. వేడి పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే శైవలాలు చేరగల గరిష్ఠ పెరుగుదల వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. కాని అది అన్ని జాతులనూ కలిపి చూసినప్పటి మాట. విడిగా చూస్తే ప్రతి జాతికీ తనదైన వేడిమి పరిధి ఉంటుంది, అది దాటగానే పెరుగుదల చప్పున పడిపోతుంది. అందువల్ల సముద్రం వేడెక్కితే శైవలాలన్నీ పెరుగుతాయనడం కన్నా, ఏ జాతి ఎక్కడ బతకగలదన్న పటం మారుతుందనడం నిజానికి దగ్గర. పైగా పైనీరు వేడెక్కినకొద్దీ పొరల మధ్య తేడా పెరిగి, అడుగునుంచి పోషకాలు రావడం తగ్గుతుంది. అంటే వేడి ఒక చేత్తో ఇచ్చేదాన్ని మరో చేత్తో లాక్కుంటుంది.

ఈ చిక్కుముడి అంతా ఒకేచోట కనిపించిన సందర్భం 2015లో అమెరికా పశ్చిమ తీరంలో ఎదురైంది. 2013 చివరి నుంచి అలాస్కాకు దక్షిణాన ఉన్న సముద్రంలో గాలులు మందగించి, చలికాలంలో నీరు చల్లబడవలసినంత చల్లబడక, సాధారణం కన్నా రెండున్నర డిగ్రీలకు పైగా వెచ్చనైన నీటి మేట ఏర్పడింది; వాషింగ్టన్ రాష్ట్ర వాతావరణ శాస్త్రవేత్త నిక్ బాండ్ దానికి బ్లాబ్ అని పేరు పెట్టాడు. ఆ వెచ్చని నీరు తీరానికి చేరాక, మామూలుగా కాలిఫోర్నియా వైపే ఎక్కువగా కనిపించే సూడోనిట్జ్‌షియా ఆస్ట్రాలిస్ అనే విష డయాటమ్ ఉత్తరానికి పాకింది. వెచ్చని నీటిలో పోషకాలు తక్కువే. అయినా ఆ జాతి అర్ధాకలితో కాలం గడపగలదు. వసంతంలో తీరపు గాలులు మామూలుగానే వీచి, అప్‌వెల్లింగ్ మొదలై అడుగునుంచి పోషకాలు పైకి రాగానే, అప్పటికే కాచుకుని ఉన్న ఆ కణాలు విజృంభించాయి. వసంతపు తుఫానులు వాటిని ఒడ్డువైపు తోశాయి. కాలిఫోర్నియా నుంచి అలాస్కా వరకు వ్యాపించిన ఈ విజృంభణ అంతకుముందు ఆ తీరంలో ఎన్నడూ నమోదు కానంత పెద్దది. వేడి ఒక్కటే వచ్చి గాలి రాకపోయినా, గాలి వచ్చి ఆ జాతి అక్కడ లేకపోయినా ఇంతటి ఉపద్రవం జరిగేది కాదు.

సూడోనిట్జ్‌షియా చేసే విషం పేరు డోమోయిక్ ఆమ్లం. మెదడులో నాడీకణాల మధ్య సందేశాలను మోసే గ్లుటమేట్ అనే రసాయనాన్ని పోలి ఉండటం వల్ల, ఇది నాడీకణాలను విరామం లేకుండా ఉద్రేకపరచి చివరికి చంపేస్తుంది. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది. వండినా ఇది నశించదు. 1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో పెంచిన మస్సెల్ అనే ఆల్చిప్పలను తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. బతికి బయటపడిన కొందరికి కొత్త జ్ఞాపకాలు నిలవకుండా పోయాయి. విషం డోమోయిక్ ఆమ్లమేనని హాలిఫాక్స్‌లోని రసాయన శాస్త్రవేత్తలు కొద్ది రోజుల్లోనే తేల్చారు. కాని డయాటమ్ విషం చేస్తుందన్న మాట అప్పటికి ఎవరూ వినలేదు. విషమంటే డైనోఫ్లాజెల్లేట్ల పనే అనుకునేవారు. వాల్తేరు తీరపు డయాటమ్‌ను నమోదు చేసిన సుబ్బారావు అప్పటికి కెనడాలోని బెడ్‌ఫర్డ్ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేస్తున్నాడు. అతడూ, అతడి సహచరులూ సూడోనిట్జ్‌షియాను ప్రయోగశాలలో పెంచి, విషాన్ని తయారుచేస్తున్నది అదేనని 1988లో ప్రచురించిన పత్రంలో చూపించారు.

ఆ తరువాతి ప్రయోగాల్లో ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. పోషకాలన్నీ అందుతున్నంతకాలం, కణాలు చురుకుగా విభజన చెందుతున్నంతకాలం డోమోయిక్ ఆమ్లం దాదాపు కనిపించదు. సిలికా గాని భాస్వరం గాని అయిపోయి విభజన ఆగబోయే దశలో, వెలుతురూ నత్రజనీ మాత్రం ఇంకా అందుతున్నట్లయితే, విషం పేరుకుంటుంది. కవచానికి కావలసిన సిలికా లేక కణం రెండుగా చీలలేదు, అయినా కిరణజన్య సంయోగక్రియ ఆగలేదు గనుక శక్తి మిగిలిపోతుంది. విష తయారీకి ఆ మిగులు తోడ్పడుతుందని భావిస్తున్నారు. 2015లో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో విష తీవ్రత అసాధారణంగా పెరగడానికి, పైకి ఉబికిన నీటిలో నత్రజనితో పోలిస్తే సిలికా తక్కువగా ఉండటం దోహదం చేసిందని తరువాతి పరిశోధన చూపించింది. అంటే నత్రజని కణాల సంఖ్యను పెంచింది, సిలికా కొరత ఒక్కో కణాన్నీ మరింత విషపూరితం చేసింది. ఈ జాతికే దగ్గరి బంధువైన మరో సూడోనిట్జ్‌షియాపై 2012లో ప్రచురితమైన ప్రయోగాల్లో, సిలికా కొరతకు నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు పెరగడం తోడైతే విషం మరింత పెరుగుతుందని తేలింది.

ఆల్చిప్పల ద్వారానే మనిషికి చేరే మరో విషం, కండరాలను చచ్చుబరిచే శాక్సిటాక్సిన్. దీనిని అలెగ్జాండ్రియమ్ వంటి డైనోఫ్లాజెల్లేట్లు చేస్తాయి. డోమోయిక్ ఆమ్లం అణువులో నత్రజని పరమాణువు ఒక్కటే ఉంటే శాక్సిటాక్సిన్‌లో ఏడు ఉంటాయి. అందువల్ల నత్రజని కరవైన అలెగ్జాండ్రియమ్‌లో విషం తగ్గుతుంది. నత్రజని పుష్కలంగా ఉండి భాస్వరం కరవైనప్పుడు పెరుగుతుంది. మురుగునీటిలోంచి భాస్వరాన్ని మాత్రమే తొలగించి, నత్రజనిని వదిలేసే శుద్ధి పద్ధతుల విషయంలో జాగ్రత్త అవసరమనడానికి ఇది బలమైన కారణం. కణాల సంఖ్య తగ్గిందని సంతోషించేలోపు, మిగిలిన కణాల్లో విషం పెరిగి ఉండవచ్చు. ఆ పైన ఈ జాతి సిస్టులు, అంటే గట్టి కవచంలో నిద్రాణమైన కణాలు, సముద్రపు బురదలో ఏళ్ళ తరబడి పడి ఉండి, వేడిమీ వెలుతురూ అనుకూలించినప్పుడు మొలకెత్తుతాయి. ఒకసారి విజృంభణ వచ్చిన అఖాతం మళ్ళీ మళ్ళీ దాని బారిన పడటానికి ఈ విత్తనపు నిల్వ ఒక కారణం.

మానవుడి చేయి స్పష్టంగా కనిపించే చోట్లు లేకపోలేదు. జపాన్‌లోని సెతో లోతట్టు సముద్రంలో పరిశ్రమల, పట్టణాల వ్యర్థాలు పెరిగి, 1972 వేసవిలో చాటొనెల్లా అనే శైవలం విజృంభించి, పెంపకపు చేపలు 1 కోటి 40 లక్షలు చచ్చిపోయాయి. మరుసటి ఏడాదే ప్రత్యేక చట్టం వచ్చింది. వ్యర్థాల మోతాదు తగ్గించారు. అయినా ఎర్ర అలల, అంటే నీటి రంగు మార్చే విజృంభణల, సంఖ్య వెంటనే తగ్గలేదు, 1976లో 299కి చేరి, ఆ తరువాతే దిగడం మొదలై ఏడాదికి సుమారు 100 దగ్గర నిలిచింది. ఈ ఫలితాన్ని తక్కువ చేయకూడదు: తీరప్రాంత ప్రజలు పట్టుబడితే, ప్రభుత్వం కదిలితే సముద్రం కోలుకుంటుందనడానికి ఇంతకన్నా గట్టి రుజువులు తక్కువ. అయితే కాలక్రమంలో పోషకాలు మరీ తగ్గి నోరి అనే తినే సముద్రపు నాచు రంగు వెలిసిపోతోందని రైతులు వాపోవడంతో, పోషకాలను అవసరమైనచోట అందించే వీలు కల్పిస్తూ 2021లో ఆ చట్టాన్ని సవరించారు. నల్లసముద్రంలో కథ మరో రకం. డాన్యూబ్ నదీవ్యవస్థపై కట్టిన ఆనకట్టల వెనుక సిలికా నిలిచిపోగా, పొలాల నుంచి నత్రజని, భాస్వరం మాత్రం పెరుగుతూ వచ్చాయి; అక్కడ డయాటమ్‌ల స్థానంలో ఇతర శైవలాలు పెరగడానికి ఇదే కారణమని 1997లో ప్రచురితమైన పరిశోధన వాదించింది. ఐరన్ గేట్స్ అనే ఒక్క పెద్ద ఆనకట్ట మీదనే నేరం మోపడం సరికాదని ఆ తరువాతి కొలతలు సూచించాయి.

అరేబియా సముద్రంలో నడుస్తున్న వాదం ఇంకా తెగలేదు. 2000 తరువాత ఆ సముద్రపు ఉత్తర భాగంలో చలికాలపు డయాటమ్‌ల స్థానాన్ని ఆకుపచ్చ నాక్టిలూకా అనే జీవి ఆక్రమించింది. కణంలోపల వేలాది పచ్చని సహజీవ శైవలాలను పెంచుకుంటూ, బయటి డయాటమ్‌లను మింగుతూ ఈ జీవి రెండు విధాలా పోషణ పొందుతుంది. అడుగునుంచి ప్రాణవాయువు తక్కువగా ఉన్న నీరు పైకి రావడమే దీనికి కారణమని శాస్త్రవేత్త హెల్గా గోమ్స్ బృందం 2014లో వాదించింది. హిమాలయ, టిబెట్ ప్రాంతాల్లో మంచు తగ్గి చలిగాలులు బలహీనపడినందువల్ల సముద్రపు కలబోత తగ్గి పోషకాలు రావడం లేదని, ఆ కరవు నాక్టిలూకాకు కలిసొచ్చిందని 2020లో అదే వర్గపు శాస్త్రవేత్తలు మరో వివరణ జోడించారు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన కొలతల్లో మాత్రం ప్రాణవాయువుకు కొరత లేని నీటిలోనూ ఈ విజృంభణ కనిపించింది. ఒకే జీవి వేర్వేరు చోట్ల వేర్వేరు దారుల్లో పెరగగలదన్న అవకాశాన్ని తోసిపుచ్చడానికి ఇంతవరకు ఆధారం లేదు.

ఇన్‌కాయిస్ ఉపగ్రహాల ద్వారా సముద్రపు రంగును చూసి, పత్రహరితం మోతాదును లెక్కించి, ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, గోపాల్‌పూర్ తీరం వంటి చోట్ల విజృంభణ సూచనలు ఇస్తోంది. ఇది విలువైన సేవ. అయితే పత్రహరితం ఎంత ఉందో ఉపగ్రహం చెప్పగలదు గాని, ఒక్కో కణంలో విషం ఎంత ఉందో చెప్పలేదు. పైగా నైరుతి రుతుపవనాల కాలంలో, కేరళ తీరంలో అప్‌వెల్లింగ్ బలంగా ఉండే ఆ నెలల్లోనే, మేఘాలు సముద్రాన్ని కప్పేస్తాయి. 1997 సెప్టెంబరులో తిరువనంతపురం దగ్గరి విళింజంలో ఆల్చిప్పలు తిని ఏడుగురు మరణించిన కాలం అదే. నీటి నాణ్యతను ఆగకుండా కొలిచే బోయాలను కొచ్చి, విశాఖపట్నం తీరాల్లో నెలకొల్పడం వల్ల ఇప్పుడు మేఘాల కింద కూడా వేడిమి, లవణీయత, ప్రాణవాయువు వంటివి తెలుస్తున్నాయి. కణం ఏ జాతిదో తేల్చడానికి మాత్రం ఇప్పటికీ నీటి నమూనా తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. ఆల్చిప్ప తినదగినదో కాదో తేల్చడానికి దాని మాంసాన్నే పరీక్షించాలి.